గీతను కోసి వృత్తాన్ని కొలిచిన పనితనం

సమాకలనంతో వృత్త పరిధి కనుక్కోమంటే చాపం పొడవు సూత్రంతో మొదలుపెట్టి, విలోమ సైన్ మీదుగా 2πr దగ్గర తేలతాం. లెక్క సరైనదే. కానీ π ఎంత అంటే ఆ లెక్క బదులు చెప్పదు. ఆ విలువను కూడా చేతిలో పెట్టే దారి కేరళలో పుట్టింది. 14వ శతాబ్దంలో సంగమగ్రామ మాధవుడు వేసిన ఆ దారిని, సుమారు 1530లో జ్యేష్ఠదేవుడు ‘యుక్తిభాష’ అనే మలయాళ వచన గ్రంథంలో మెట్టుమెట్టుగా వివరించాడు.

ఆ గ్రంథం ముందు పాత పద్ధతినే చూపిస్తుంది. వృత్తం చుట్టూ చతురస్రం గీసి మూలలు కోస్తే అష్టభుజి, ఇంకా కోస్తే 16 భుజాలు, ఆపైన 32. ప్రతిసారీ వర్గమూలం తీయాల్సిందే. ఆర్కిమెడిస్ 96 భుజాల దాకా వెళ్లిందీ ఇలాంటి శ్రమతోనే. ఆ వెంటనే జ్యేష్ఠదేవుడు వర్గమూలాల అవసరమే లేని దారి ఎత్తుకుంటాడు.

కాగితం మీద గీసి చూడండి. వృత్తాన్ని తాకుతూ చుట్టూ చతురస్రం. ఒక భుజం మధ్య నుంచి మూల దాకా ఉన్న సగం ముక్క పొడవు వ్యాసార్ధమంత. దానికి ఎదురైన చాపం పరిధిలో ఎనిమిదో వంతు. కొలవాల్సింది చాపం కనుక, చాపాన్నే సమానంగా కోయాలని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ మాత్రం కోతలు పడ్డది తిన్నని గీత మీద. గీతను సమాన భాగాలు చేసి, ప్రతి కోత నుంచి కేంద్రానికి ఒక కర్ణం గీస్తారు.

పక్కపక్కనున్న రెండు కర్ణాల మధ్య చిక్కిన చిన్న చాపం ఎంత? సరూప త్రిభుజాలను రెండుసార్లు వాడాలి. మొదట, ఒక కోత నుంచి పక్క కర్ణం మీదికి దించిన లంబం దొరుకుతుంది. తర్వాత ఆ లంబాన్ని వృత్తం కొలతకు కుదిస్తాం. ఒక్కోసారి ఒక్కో కర్ణం హారంలోకి చేరుతుంది. ముక్కలు బాగా సన్నవైతే ఆ రెండు కర్ణాలూ దాదాపు సమానం. అంటే హారంలో నిలిచేది కర్ణం వర్గం. కర్ణం కావాలంటే వర్గమూలం తీయాలి, దాని వర్గానికి రెండు భుజాల వర్గాలు కూడితే చాలు. ఎన్నిసార్లు చదివినా నేను ఆగిపోయేది ఇక్కడే. కోత పెట్టే చోటు మార్చినందుకు వర్గమూలం దానంతట అదే తప్పుకుంది.

ఇక భాగహారాన్ని శ్రేణిగా విప్పి కూడాలి. 1 నుంచి n వరకు సంఖ్యల వర్గాల మొత్తం, n పెరిగేకొద్దీ n ఘనంలో మూడో వంతుకు దగ్గరవుతుంది. నాలుగో ఘాతాల మొత్తం n ఐదో ఘాతంలో ఐదో వంతుకు. ఈనాటి సమాకలనం చేసేదీ ఇదే. చివరికి తేలేది:

పరిధి = 4 × వ్యాసం × (1 − 1/3 + 1/5 − 1/7 + …)

ఐరోపాలో గ్రెగరీ, లైబ్నిజ్ ఈ శ్రేణిని చేరుకున్నది 1670లలో.

శ్రేణి అందమైనదే గానీ నడక మందం. 100 పదాలు కూడినా π విలువ 3.1316 దగ్గరే ఉంటుంది. దానికీ విరుగుడు చెప్పారు: n పదాలు కూడాక n/(4n²+1)ను తర్వాతి పదం గుర్తుతో చేర్చాలి. ఐదు పదాలతో వచ్చేది 3.3397. కుండలీకరణంలో 5/101 తీసేస్తే అదే 3.1417 అవుతుంది. 90,000 కోట్ల వ్యాసానికి మాధవుడు చెప్పిన పరిధి 28,27,43,33,88,233. అందులో π పది దశాంశ స్థానాల వరకు సరిగ్గా ఉంది.

సమాకలనం చెప్పే అధ్యాపకులకు ఒక్క మనవి. సూత్రం రాసే ముందు ఈ బొమ్మను బోర్డు మీద గీయండి. కోత ఎక్కడ పెడదామని పిల్లల్నే అడగండి. వాళ్లు చాపం వైపు చూపిస్తే కాదనకండి. ఒక్క వర్గమూలం తీయనిచ్చి, ఆ తర్వాత గీత వైపు తిప్పండి.