అమ్ముకోలేని పొలానికి ఆస్తి అని పేరు

స్కాలర్‌షిప్పు ఫారాన్ని కూడా ఒక రచనలాగే చదవాలంటాం మేము. కవితల్నీ కథల్నీ చీల్చి చెండాడిన మనవాళ్లు వీటి జోలికి పోలేదు. మన పిల్లల బతుకుల్ని తేల్చేది మాత్రం ఇవే.

దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలైంది 1944లో. 2021లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల్లోనూ కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షలే. 2019లో వచ్చిన ఇడబ్ల్యుఎస్ రిజర్వేషన్లలో పేదరికం గీత 8 లక్షలు. అయిదెకరాల్లోపు పొలం, వెయ్యి చదరపు అడుగుల్లోపు ఫ్లాటు ఉన్నా పేదలే. ఒకటి ఫీజు సంగతి, ఇంకొకటి సీటు సంగతి అంటారు. కాదనం. కానీ కొలిచే గజంబద్ద రెండుచోట్లా సర్కారుదే కదా!

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు ఉత్తర్వు ఆదాయంతో ఆగలేదు. మాగాణి పదెకరాల్లోపు, మెట్ట పాతికెకరాల్లోపు ఉండాలంది. కారు ఉండకూడదంది, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదంది. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే అర్హత లేదు, పారిశుద్ధ్య కార్మికులైతే మాత్రం జీతమెంతైనా సరే. ఈ ఒక్క మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. రోడ్లూడ్చే మనిషికి జీతం పెరిగినా పేదరికం వదలదని సర్కారుకి తెలుసన్నమాట. కులం పేరెత్తకుండా కులాన్ని ఒప్పుకున్న వాక్యమది.

మరి పొలం మాటేంటి? మా నాన్నకి ఎకరన్నర డి-పట్టా భూమి. 1977 చట్టం ప్రకారం అప్పట్లో అది అమ్మినా చెల్లేది కాదు, కొన్నా చెల్లేది కాదు. మేము డిగ్రీలో చేరినప్పుడు ఆదాయం సర్టిఫికెట్టుకి పోతే గుమాస్తా, "పొలముందిగా, ఆదాయం ఇంతేనా?" అన్నాడు. "పొలముంది బాబూ, నీళ్లు లేవు" అన్నాడు నాన్న. పరిమితి దాటేట్టు రాసిచ్చాడు. దాన్ని సరిచేయించుకునేసరికి పరీక్షలొచ్చాయి, ఫీజుకి గేదెను అమ్మాం. మా ఊరి ఆసామి పిల్లలకి మాత్రం చిన్న అంకెతో సర్టిఫికెట్టు వచ్చింది. వ్యవసాయాదాయానికి పన్ను లేదు, పన్ను లేనిచోట ఆదాయం చూపే కాగితమూ ఉండదు. పొలం నలుగురి పేర్ల మీద చీలిపోతే ఎకరాల లెక్క కూడా ఆయన్ని పట్టుకోలేదు.

అమ్మ పొదుపు సంఘంలో నెలనెలా కట్టేది. దాన్ని దాపుడు సొమ్ము అనగలమా? ఆ పొదుపు చూపించి తెచ్చిన అప్పుతోనే మా హాస్టలు బిల్లు కట్టింది. ఆస్తి రాయమన్న గడి పక్కన అప్పు రాసుకునే గడి మాకింతవరకూ ఏ ఫారంలోనూ కనపడలేదు.