సాగే తాండ్ర, విరిగే ముక్క

ఈ వారం బూడిదగుమ్మడి మురబ్బా పాడుచేశాను. ముక్కలు పాకంలో చెదరకుండా ముందు సున్నపు తేటలో నానబెట్టాలని దొడ్డమ్మ చెప్పేది. నేను కిళ్ళీ సున్నం డబ్బా ఖాళీ చేసి, తేట వంచకుండానే ముక్కలు పడేసి రాత్రంతా వదిలేశాను. ఎంత సున్నమైతే అంత గట్టి కదా! పాకం పట్టాక కొరికితే పటుక్కున విరిగింది. "బలపాలు చేశారా?" అంది మా ఆవిడ.

గుమ్మడిలో పెక్టిన్ అనే పొడుగాటి గొలుసులుంటాయి. సున్నపు క్షారం వాటి చేతులకున్న తొడుగులు ఊడదీస్తుంది. సున్నంలోని కాల్షియానికి రెండు చేతులు. చెరో గొలుసునీ పట్టుకుని ముడేస్తుంది. ఉప్పులో సోడియంది ఒంటిచెయ్యి, దానివల్ల కాదు. ముడులు మరీ ఎక్కువైతే గొలుసు కదలడానికి చోటుండదు.

విరగడమంటేనే నాకు పడదు, నాది తాండ్ర పిచ్చి. చించబోతే సాగాలి, విరిగితే అది తాండ్రే కాదంటాను! వేసవి సెలవులకి ఆత్రేయపురం వెళ్తే పెరడంతా తాటాకు చాపలే. మామిడి రసంలో పంచదార కలిపి పూత మీద పూత పూసేవారు. ఈగలు తోలడం మా పిల్లల ఉద్యోగం, జీతం చాప అంచున అంటుకున్న చెక్కు. దొడ్డమ్మ వచ్చి అంచు పట్టుకుని మెల్లగా లాగేది. "ఇంకో ఎండ కావాలిరా" అనేది. అందులో చిటికెడు సున్నం లేదు. పులుపూ తీపీ కలిసి పెక్టిన్ గొలుసుల్ని వదులుగా దగ్గరకు చేరుస్తాయి, అంతే.

కాబట్టి సున్నాన్ని తిట్టి ముగిద్దామనుకున్నాను. కానీ 2012లో హార్వర్డ్ వాళ్లు చేసిన హైడ్రోజెల్ అనే నీటి జెల్లీ అడ్డొచ్చింది. దాదాపు 90 శాతం నీళ్లే, అయినా ఇరవై రెట్లకు పైగా సాగింది! అందులో రెండు వలలు. పాలీఅక్రిలమైడ్ వలకి ఊడని రసాయన ముడులు. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ వలకి మన సున్నంలోని కాల్షియం ముడులే. లాగితే కాల్షియం ముడులు ఒక్కొక్కటే ఊడుతూ ఆ బలాన్ని మింగేస్తాయి, పాలీఅక్రిలమైడ్ వల ఆకారాన్ని కాస్తుంది. తీరుబాటిచ్చి కాస్త వేడి తగిలిస్తే ఊడినవాటిలో చాలా మళ్లీ పడతాయి. చిరగకుండా కాచింది ఊడిపోయే ముడే.

నిన్న మళ్లీ కాయ తెచ్చి, ఈసారి తేట వంచాను. ముక్క కరకరలాడింది, పాకం లోపలికి దిగింది. సాగలేదు. మురబ్బా సాగక్కర్లేదు కూడా. నా తాండ్ర కొలబద్ద తాండ్రకే ఉంచుకుంటాను.