కాగితముపై తైలవర్ణము

మన యిండ్లలో కాగితమునకు గల మర్యాద మిక్కిలి స్వల్పము. పద్దులు వ్రాసికొనుటకు, పొట్లములు కట్టుటకు, పిల్లలు చిత్తులెక్కలు చేసికొనుటకు అది పనికివచ్చును. పని తీరినపిదప పొయ్యిలోనికి పోవును. చిత్రకళ విషయమునను మనకు ఇదియే యభిప్రాయము. తైలవర్ణ చిత్రమనగా గుడ్డపై వ్రాసి, పూతచట్రమున బిగించి, గోడకు వ్రేలాడదీసినదే యనుకొందుము. కాగితముపై వ్రాసినది అభ్యాసముగాని చిత్రము కాదని త్రోసివేయుదుము. మేమును చాలకాలము ఇట్లే తలచితిమి. ఆ తలపు న్యాయమైనదా కాదా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. తైలవర్ణమున రంగుపొడిని బంధించునది సాధారణముగా అవిసె నూనె. అది నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. పూతలేని కాగితముపై దానిని పెట్టినచో నూనె ముందుగా పీచులోనికి దిగును. గారెలు చుట్టిన కాగితముపై మరకవలె రంగుచుట్టును వలయ మేర్పడును. ఏండ్లు గడచుకొలది కాగితము గోధుమవన్నెకు తిరిగి పెళుసెక్కును. పైనున్న రంగు తన నూనెను గోల్పోయి పొడియై రాలును. ఇందులకే పూర్వులు కాగితమునకు సరేసు పూసిరి. నేటివారు అక్రిలిక్ పూత పూయుచున్నారు. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము సయితము గోడపై కుంచె పెట్టుటకు ముందు ఇటుకపొడి మున్నగువానితో చేయవలసిన లేపనమును విస్తరించి చెప్పినది. కావున దోషము కాగితమునది కాదు, సిద్ధపరుపని చేతిది.

కాగితమును పెద్ద చిత్రకారులు ఏల వరించిరన్న ప్రశ్నకు మొదటి సమాధానము ఆకాశమునుండి వచ్చినది. ఇంగ్లండు దేశీయుడగు జాన్ కాన్‌స్టేబుల్ 1821, 1822 సంవత్సరములలో లండను సమీపమునందలి హాంప్‌స్టెడ్ గుట్టపై కాగితముమీద తైలవర్ణముతో మేఘములను వ్రాసెను. పెక్కింటి వెనుక తేదీని, గంటను, గాలి వీచు దిక్కును గుర్తించుకొనెను. మేఘము ఎవరికొరకును నిలువదు. దానిని పట్టుటకు తేలికగా మోయదగిన కాగితమే తగినది. అంతకుముందే ఫ్రెంచి చిత్రకారుడు వాలెన్సియెన్ తన గ్రంథమున, ఆరుబయటి అధ్యయనమునకు రెండుగంటలకు మించి వెచ్చింపరాదనియు, సూర్యోదయాస్తమయములయందు అరగంటయే చాలుననియు విధించెను. కాన్‌స్టేబుల్ ఈ పత్రములను ప్రదర్శనకై వ్రాయలేదు. అయినను ఆతని పెద్ద చిత్రములలో కానరాని తేమగాలి యీ చిన్న పత్రములలో నేటికిని వీచుచున్నది.

కాన్‌స్టేబులునకు కాగితము సౌకర్యము. ఎడ్గార్ డెగా (1834–1917) చేతిలో అదియే ఒక పద్ధతి యయ్యెను. ఆయన తైలవర్ణమును అద్దుడు కాగితముపై నుంచి నూనెను పీల్పించి, మిగిలిన రంగును టర్పెంటైనుతో పలుచచేసి కాగితముపై వ్రాసెడివాడు. ఫ్రెంచివారు దీనిని ‘ఎసాన్స్’ అందురు. ఇట్టి రంగు త్వరగా ఆరును, నిగనిగలాడదు, గీతకు అడ్డురాదు. తైలవర్ణమునుండి తైలమునే తొలగించి కాగితమునకు అనుకూలముగా మలచుకొన్న యీ యుపాయము మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. బలవంతుడు దుర్బలునితో కలిసి నడువదలచినచో తన యడుగునే కొంత తగ్గించుకొనవలెను గదా!

న్యూయార్కు నగరమున మెట్రొపాలిటన్ మ్యూజియమునందున్న ‘రంగస్థలముపై నృత్యాభ్యాసము’ అను చిత్రమును చూడుడు. ఇది 1874 ప్రాంతపు రచన. అడుగున కలముసిరా గీతలు. వానిపై టర్పెంటైను కలిపిన తైలవర్ణము. అక్కడక్కడ నీటిరంగు, పాస్టెల్ జాడలు. ఒక నర్తకి వీపు గోకికొనుచున్నది, వేరొకతె ఆవులించుచున్నది. ప్రేక్షకుల యెదుట దేవకాంతలవలె దోచు బాలికలు పనివేళ అలసిన కూలివారివలె నున్నారు. కళయన శ్రమయని ఈ చిత్రము ఉపన్యసింపక చెప్పుచున్నది. దట్టమైన నూనెరంగు, మెరుగుపూత ఈ యలసటను కప్పివేసెడివని మా నమ్మకము. కాగితపు పొడిదనమే దానిని నిలిపినది.

అయినను ఈ పత్రమును సయితము అట్టపై అంటించి, గుడ్డపై బిగించియున్నారు. కాన్‌స్టేబుల్ మొదలైనవారి పత్రములు పెక్కింటికి ఇదే గతి పట్టినది. రక్షణకొరకు అంటించుట యొకటి. కాగితమునకు గుడ్డవేషము వేసి గౌరవము సంపాదించుట వేరొకటి. రెండవది మనకు క్రొత్త కాదు. రవివర్మ 1894లో బొంబాయియందు స్థాపించిన ముద్రణాలయమునుండి వెలువడిన దేవతాపటములు మన పూజాగదులను నింపినవి. అవి కాగితముపై అచ్చయి తైలచిత్రములను అనుకరించినవి. పేదల యింటికి చిత్రమును చేర్చిన ఉపకారము వానిది. కాగితము తాను కాగితమని చెప్పుకొన సిగ్గుపడు అలవాటును మనకు నేర్పిన లోపమును వానిదే.

ఆ సిగ్గును పూర్తిగా విడిచినవారిలో అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా (1938–2024) యొకడు. ఉక్కుపలకలను నిలిపి మహాశిల్పములు నిర్మించిన ఈయన, నల్లని నూనెరంగు కడ్డీలను కరగించి దిమ్మెలుగా చేసి, వానిని కాగితముపై ఒత్తి పూసెను. డెగా నూనెను తగ్గించెను. సెర్రా దానిని కాగితము మోయగలిగినంతవరకు ఎక్కించెను. ఆ నలుపునకు రంగుకంటె బరువే యెక్కువ. దీనిని గౌరవింతుముగాని దీనితో కాపురము చేయలేము. పది పత్రములు చూచినపిదప పదునొకండవది క్రొత్తగా ఏమియు చెప్పదు. ఆవులించు బాలికయందు మనకు కలిగిన బాంధవ్యము ఇచట కలుగదు. గుడ్డ ఖరీదు మిగులునని మాత్రమే కాగితమును పట్టి, దానిపై గుడ్డచిత్రమునే వ్రాయువారిని సయితము మేము సమర్థింపము. వారి చిత్రమున కాగితము చేసిన పని యేమియు లేదు.

ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఇందు పేర్కొన్న చిత్రములను మేము అచ్చుప్రతులలోనే చూచితిమి. అచ్చులో గుడ్డయు కాగితమును ఒకటే. మా చిన్నచూపు కంటినుండి పుట్టినది కాదు. బొమ్మక్రింద ‘కాగితము’ అని వ్రాసియుండుటను చదివి పుట్టినది.

ఈ చిన్నచూపుచేత ఒక అపరాధమును చేసితిమి. కొన్నియేండ్లక్రితము మా తరగతిలోని బాలుడొకడు, ఎవరో పారవేసిన రంగుగొట్టములు ఏరితెచ్చి, డ్రాయింగు కాగితముపై తన తల్లి తిరుగలి విసరుచుండగా వ్రాసి చూపెను. మేము తల్లి ముఖమును చూడలేదు. కాగితము వెనుకకు దిగిన నూనెమరకను చూచితిమి. రంగు పాడుచేసితివని మందలించితిమి. సరేసు పూయుమని చెప్పుటకు మాకు తెలియదు. తెలియనివారము ఊరకుండనైనను లేదు. ఆ బాలుడు మరల బొమ్మ తీసికొనిరాలేదు.

శాకుంతలము ఆరవ అంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును చూచి కన్నీరు విడుచును. ఆ పటము పూర్తికాలేదు. మాలినీనదియు, హంసలును, లేళ్లును ఇంకను వ్రాయవలసియే యున్నవి. ఆ నాటకమును ఎన్నిమారులో పాఠము చెప్పితిమి. అసంపూర్ణ చిత్రము ఒక రాజును ఏడిపించెనని పిల్లలకు బోధించి, మా యెదుటికి వచ్చిన చిత్రమును అసంపూర్ణమని త్రోసివేసితిమి.

చదువరులారా! మీ బిడ్డ కాగితముపై రంగు పూసి తెచ్చినపుడు ముందుగా బొమ్మను చూడుడు. కాగితమును పిదప చూడుడు. లోపమున్నచో పూత పూయు విధమును నేర్పుడు. నూనెమరకకు మందు కలదు. విరిగిన మనస్సునకు మందేదో మాకు నేటికిని తెలియలేదు.