పాత బోటుకు పెద్ద ఇంజన్

మిషిగన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే పెరళ్లలో బోట్ల మీద కప్పిన టార్పాలిన్లు లేస్తాయి. పాత బోటున్న ప్రతివాడికీ ఒక కోరికా లేస్తుంది: ఈ ఏడు పెద్ద ఇంజన్ వేసేద్దామని. ఆ పిచ్చి నాకూ ఉంది.

నాది 1980ల నాటి స్టెర్న్‌డ్రైవ్. ఇంజన్ లోపల, వెనకగోడను ఆనుకుని ఉంటుంది. గేర్లూ ప్రొపెల్లరూ ఉన్న డ్రైవ్ గోడ బయట నీళ్లలోకి వేలాడుతుంది. ఈ ఏర్పాటును 1959లో వోల్వో పెంటా బజారుకు తెస్తే, రెండేళ్లకు మెర్‌క్రూజర్ అందుకుంది. నా దాంట్లో ఉన్నది మెర్‌క్రూజర్ 3.0 లీటర్ల నాలుగు సిలిండర్లు, 140 హార్స్‌పవర్. నా కన్ను 5.7 లీటర్ల వీ8 మీద, 260 హార్స్‌పవర్.

శక్తి దాదాపు రెట్టింపు. వేగం మాత్రం అలా పెరగదు. నీళ్ల మీద తేలి పరుగెత్తే బోట్ల వేగం శక్తికి వర్గమూలం లెక్కన పెరుగుతుందన్నది జార్జ్ క్రౌచ్ సూత్రం. ఆ ప్రకారం నాకు దక్కేది మూడో వంతు చిల్లర, అదీ బరువు పెరగకపోతే. వీ8 వంద కిలోలకు పైగా ఎక్కువ తూగుతుంది, ఆ బరువంతా వెనకే.

తర్వాత గేరు. నాలుగు సిలిండర్ల డ్రైవ్‌లో గేరు నిష్పత్తి 1.94. ఇంజన్ 4600 ఆర్‌పీఎమ్‌లో ఉంటే ప్రొపెల్లర్ 2370 తిరుగుతుంది. వీ8కి ఇచ్చే 1.47 గేరుతో అదే 3130. పాత డ్రైవ్‌నే ఉంచేస్తే ఇంజన్ గొంతు చించుకుంటుంది, బోటు మాత్రం కదలాల్సినంత కదలదు.

ఇక ఆ బరువు మోసే చోటు. ఇంజన్ ముందువైపు మౌంట్లు కూర్చునేది అడుగున నిలువునా పరిచిన స్ట్రింగర్ల మీద. ఆ కాలపు బోట్లలో చాలావాటికి పైన ఫైబర్‌గ్లాస్, లోపల ప్లైవుడ్డే. సుత్తితో తట్టుకుంటూ పోతే ఖంగుమనాలి. బొదబొదమన్న చోట డ్రిల్ దించితే వచ్చే పొట్టే సంగతి చెబుతుంది: లేత రంగులో పొడిగా వస్తే కలప బాగున్నట్టు, నల్లగా తడిముద్దలా వస్తే పుచ్చిపోయినట్టు. ఇంజన్‌ను లోపలికి దించాక, అదీ డ్రైవూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి అలైన్‌మెంట్ బారుకు గ్రీజు పూసి, వెనక బేరింగు గుండా ఇంజన్ కప్లర్‌లోకి దూర్చి బయటికి లాగుతారు. గ్రీజు మీద గాట్లు చుట్టూ సమానంగా పడాలి. ఒకవైపే పడితే మౌంట్ ఎత్తు సరిచేసి మళ్లీ మొదటికి.

ఇంత ఖర్చయ్యాక స్టార్టర్ దగ్గర పిసినారితనం చేసేవాళ్లున్నారు, ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు. కారు స్టార్టరూ బిగుస్తుంది. కానీ పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుక్కి చేరి నిలుస్తుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. మెరైన్ స్టార్టర్‌ను రవ్వ బయటికి రాకుండా మూసి చేస్తారు. ధర అందుకే.

అమెరికాలో 20 అడుగుల లోపు అవుట్‌బోర్డు బోటైతే ఎంత హార్స్‌పవర్ దాకా వేయొచ్చో దానికి కొట్టిన పలక మీదే ఉంటుంది. స్టెర్న్‌డ్రైవ్ పలక మీద మనుషులూ బరువూ తప్ప ఆ అంకె ఉండదు. అంటే ఆ విషయంలో ఇంజన్ మార్చినవాడే తయారీదారు లెక్క. ఎక్కినవాళ్ల పూచీ వాడిదే.

అందుకే విడి ఇంజన్ల ప్రకటనలు చూడటం మానేశాను. అడుగు పాడై ఇంజన్ బాగున్న బోటు దొరికితే ఇంజన్, వెనకగోడకు బిగించే ట్రాన్సమ్ అసెంబ్లీ, డ్రైవ్ మూడూ ఒకదాంట్లోంచే తెచ్చుకోవాలని చూస్తున్నాను. "అంతకంటే వీ8 ఉన్న బోటే కొనుక్కోవచ్చుగా" అంటోంది మా ఆవిడ. కాగితం మీద లెక్క వేశాను. ఆవిడ చెప్పిందే చవక.