తొర్ర పడ్డ మానుకు ఊడల ఊతం

చెట్టులో ఒకసారి కుళ్లిన కలప మళ్లీ పచ్చిబడదు. ఆ పుచ్చు చుట్టూ చెట్టు లోలోపలే గోడ కట్టుకుంటుంది, బయటి వైపు ఏటికేడు కొత్త కలప పేర్చుకుంటుంది. వేలాది మానులను రంపంతో నిలువునా కోసి చూసిన అమెరికన్ శాస్త్రవేత్త అలెక్స్ షిగో 1977లో ఈ సంగతిని వివరంగా ప్రచురించాడు.

మన పాత వృక్షవైద్యం కూడా గాయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. జబ్బుపడ్డ భాగాన్ని ముందు కత్తితో శుభ్రం చేసి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, చెట్టు మొదలు దగ్గర పాలు కలిపిన నీళ్లు పొయ్యమంటుంది వరాహమిహిరుడి బృహత్సంహిత. గాయంతోపాటు వేళ్లనూ పట్టించుకున్న ఆ చూపు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కత్తి దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. చేత్తో లాగితే రాలే పుచ్చు తీస్తే చాలు. గట్టి కలప తగిలేదాకా చెక్కితే చెట్టు కట్టుకున్న గోడ కూలి, కుళ్లు కొత్త చోటికి పాకుతుంది. తొర్రలో నీళ్లు నిలుస్తున్నాయని కింద కన్నం వేసినా అంతే. సిమెంటుతో పూడ్చడం మరీ చేటు: మాను గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు, మధ్య సందులో తేమ చేరుతుంది. తారు పూసినా కుళ్లు ఆగదు.

మర్రికి దేవుడిచ్చిన వరం ఊడ. గాలిలో వేలాడినంతకాలం అది సన్నగానే ఉంటుంది. నేలలో వేరు తన్నాక లావెక్కి కొమ్మ బరువు మోస్తుంది. పాలమూరు పిల్లలమర్రికి చెద పట్టి, 2017లో పెద్ద కొమ్మ విరిగిపడినప్పుడు అధికారులు సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాల ద్వారా చెదమందును బొట్టుబొట్టుగా ఎక్కించారు, వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెల ఆసరా ఇచ్చారు, లేత ఊడలను పైపుల్లోంచి నేలకు దించారు. జనం నోళ్లలో నానింది సెలైన్ సీసాలే. రాబోయే వందేళ్లకు పనికొచ్చేవి మాత్రం ఆ పైపులు. పైపులో మట్టి, చివికిన పశువుల ఎరువు నింపి, ఊడ కొసను అందులోకి దించి, తడి ఆరకుండా చూడాలి. లేత ఊడను మేకలు కొరక్కుండా, పిల్లలు పట్టుకుని ఊగకుండా కాపాడాలి. హౌరా మహావటవృక్షం అసలు మాను కుళ్లిపోతే 1925లో తొలగించారు. ఊడల మీదే ఆ చెట్టు నేటికీ విస్తరిస్తోంది.

వేపకు, చింతకు ఊడలు లేవు. తొర్ర పడిన వైపు కొమ్మల బరువు కొద్దికొద్దిగా తగ్గించాలి, అదీ చిన్న కొమ్మలే. కొమ్మ పుట్టిన చోటి ఉబ్బు తెగకుండా కొయ్యాలి. మొదలు చుట్టూ రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే చివకనివ్వాలి. ఊళ్లలో రచ్చబండ కట్టేవాళ్లకు ఒక్క మనవి: మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోసి సిమెంటు చేస్తే బెరడు కుళ్లుతుంది, వేళ్లకు ఊపిరాడదు. అరుగును మానుకు దూరంగా కట్టి, మధ్య నేలను నేలగానే వదలండి.