అరవై తొమ్మిది ఎలా వచ్చింది?

హైదరాబాద్‌లో చైతన్యపురి మెట్రో స్టేషన్ దిగితే ముందు కనపడేవి బోర్డులే. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ, బ్యాంక్ కోచింగ్‌లు ఒకవైపు, టూ షేరింగ్, త్రీ షేరింగ్ హాస్టళ్లు ఇంకోవైపు. ఆ సందట్లోనే సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీలూ వేలాడుతుంటాయి: సెలీనియం విత్ జావా, కొత్త బ్యాచ్, డెమో ఫ్రీ. నల్గొండ, సూర్యాపేటల నుంచి విజయవాడ హైవే మీద వచ్చే పిల్లలకు నగరం మొదలయ్యేది ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లతోనే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో నడవడం మొదలైంది. ఇక్కడ గది తీసుకుని అమీర్‌పేటలో క్లాసుకు వెళ్లడం, మరుసటి ఏడాది నుంచి అక్కడే రైలు మారి హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకు వెళ్లడం సులువైపోయింది.

"అన్నా, టెస్టింగ్‌ల కోడింగ్ అంతగనం ఉండదంట గదా?"

కోర్సు ఫీజు కట్టబోయే ముందు జూనియర్లు సీనియర్లను అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండోది, "ఏ టూల్ నేర్సుకుంటే జాబ్ జల్ది వస్తది?" మొదటిదానికి జవాబు చెప్పడం తేలిక. ఆటోమేషన్ అంటేనే కోడింగ్, తప్పించుకునే దారి లేదు. రెండోదానికి మాత్రం టూల్ పేరు చెప్పి పంపిస్తే ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే. ఎందుకో తెలియాలంటే కాస్త చరిత్ర చూడాలి.

2000ల మొదట్లో అమీర్‌పేట నోట్సుల్లో రాజ్యమేలింది మెర్క్యురీ ఇంటరాక్టివ్ వారి టెస్టింగ్ టూల్ విన్‌రన్నర్. దాని కోసం టీఎస్ఎల్ అనే ప్రత్యేక భాష నేర్చుకునేవారు. 2006లో మెర్క్యురీని హెచ్‌పీ కొనేసింది. రెండేళ్లు తిరిగేసరికి విన్‌రన్నర్‌కు మంగళం పాడి తన మరో టూల్ క్యూటీపీకి మారిపొమ్మంది. ఆ క్యూటీపీ పేరు 2012లో యూఎఫ్‌టీ అయింది. అందులో స్క్రిప్టులు రాసే వీబీస్క్రిప్ట్ భాషను ఇక క్రమంగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. ఈలోగా 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగిన్స్ తన ఆఫీసు అవసరం కోసం రాసుకున్న సెలీనియం, లైసెన్సు ఖర్చు లేకపోవడంతో ప్రపంచమంతా పాకింది. సైమన్ స్టీవర్ట్ రాసిన వెబ్‌డ్రైవర్ దానితో కలిసి, 2018లో వెబ్ ప్రమాణం స్థాయికి చేరింది. 2020లో మైక్రోసాఫ్ట్ ప్లేరైట్ అనే కొత్త టూల్‌తో వచ్చింది. రెజ్యూమే నిండా టూల్ పేరే రాసుకున్నవాళ్లు ఇన్నిసార్లూ మళ్లీ ఫ్రెషర్లయ్యారు. పక్కనే కూర్చుని పనిచేసిన మరికొందరికి టూల్ మారడం ఒక నెల ఇబ్బంది, అంతే.

హైదరాబాద్‌కు టెస్టింగ్ ఎప్పుడూ చిల్లర పని కాలేదు. టెస్టింగ్ ఒక్కటే వ్యాపారంగా పెట్టుకుని శశి రెడ్డి 2001లో యాప్‌ల్యాబ్స్ స్థాపించారు. దాన్ని 2011లో అమెరికా సంస్థ సీఎస్‌సీ కొనుక్కుంది. 1998లో చక్కిలం ఇన్ఫోటెక్‌గా పుట్టి, తర్వాత పూర్తిగా టెస్టింగ్ మీదే నిలబడిన సిగ్నిటిలో మెజారిటీ వాటాను 2024లో కోఫోర్జ్ తీసుకుంది. ఊళ్లో ఇంత అనుభవం పోగుపడి ఉన్నా, క్లాసుల్లో చెప్పేది మాత్రం ఎక్కువగా బటన్‌ను ఎలా నొక్కించాలన్నదే. నొక్కాక ఏం కనపడాలి, ఆ సంగతి ఎవరు చెప్పాలి అన్న దగ్గరికి వచ్చేసరికి కోర్సు అయిపోతుంది.

మెట్రో టికెట్‌నే తీసుకుందాం. ఎర్ర లైన్లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కైనా ఎక్కవచ్చు కాబట్టి, రానూపోనూ విడిగా లెక్కేస్తే 702 జతలు. టికెట్ యాప్ అన్నిటికీ చార్జీ సరిగ్గా చూపిస్తోందా అని మనిషి కూర్చుని చూస్తే వందో జత దగ్గరే కళ్లు మూతలు పడతాయి. యంత్రానికి అప్పగిస్తే టీ తాగి వచ్చేలోపు తేల్చేస్తుంది. ఆటోమేషన్ పుట్టిందే ఇలాంటి చోట.

2025 మే 17న మెట్రో చార్జీలు పెరిగాయి. కనిష్ఠం 10 నుంచి 12 రూపాయలకు, గరిష్ఠం 60 నుంచి 75కు చేరింది. జనం గగ్గోలు పెట్టడంతో 10 శాతం తగ్గింపు ప్రకటించి, మే 24 నుంచి అమలు చేశారు. వారం తిరిగేసరికే రెండుసార్లు 702 జతలూ మళ్లీ చూడాల్సిన పరిస్థితి. దీన్నే టెస్టర్లు రిగ్రెషన్ అంటారు. ఇప్పుడు ఒక కుర్రాడు స్క్రిప్టు రాస్తాడు: పెంచిన చార్జీని 0.9తో గుణించు, రూపాయికి సర్దు, తెర మీది అంకెతో పోల్చు. చైతన్యపురి నుంచి పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్‌కు పెడతాడు. 12కు 10.80 వస్తుంది, సర్దితే 11. తెర మీదా 11. పాస్. అదే స్క్రిప్టు ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు పెడితే 75కు 67.50 వస్తుంది, సర్దితే 68. ప్రకటించిన పట్టికలో ఉన్నది 69.

ఇక్కడ టెస్ట్ ఫెయిలైంది. బగ్ ఎక్కడుంది?

యాప్‌లో లేదు. చార్జీకి అధికారం మెట్రో ప్రకటించిన పట్టికది. కుర్రాడు ఆ పట్టిక తెరవకుండా, పేపర్లో చదివిన ‘10 శాతం’ అనే మాట నుంచి సొంత లెక్క కట్టుకున్నాడు. డెవలపర్ కూడా అదే మాట చదివి అదే 0.9 వాడి ఉంటే? రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోయి, 702 జతలూ పచ్చగా వెలిగేవి. ప్రయాణికుడి టికెట్ చార్జీ మాత్రం తప్పుగానే ఉండేది. ఈ కాలమిస్టు దృష్టిలో వృత్తి అంతా ఈ ఒక్క చోటే ఉంది. సరైన జవాబు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోవాలి, దాన్ని కోడ్ రాసినవాళ్ల నోటి నుంచి కాకుండా వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి. స్క్రిప్టు ఆ తర్వాతి సంగతి.

ఈ పాఠం నేర్చుకోకపోతే ఏమవుతుందో 2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయమూ చూసింది. ఆ రోజు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్‌ల ఫొటోలు దేశమంతా తిరిగాయి. క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలదోసింది. తర్వాత ఆ సంస్థే బయటపెట్టిన కారణం టెస్టర్లు గోడకు అంటించుకోవాల్సినంత చిన్నది. ఒకచోట 21 ఇన్‌పుట్‌లు ఉంటాయని రాసుకున్నారు. కోడ్ అందించేది 20 మాత్రమే. టెస్టులు లేవా అంటే ఉన్నాయి. కానీ వాటిలో ఆ 21వ గడికి ‘ఏదున్నా సరే’ అనే గుర్తు పెట్టారు. ఏదున్నా సరే అన్నాక అక్కడ అసలు ఏమీ లేదన్న సంగతి టెస్టుకు ఎలా తెలుస్తుంది?

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకా బాధాకరం. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తెలుగులో 99 మార్కులు రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. పేపర్ దిద్దినవారు మార్కుల షీట్‌లో 99కి బదులు 00 గళ్లు నింపారు. యంత్రం 00ను 00గానే చదివింది. అంటే చదివే సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని టెస్టులు పెట్టినా అన్నీ పాసయ్యేవే. ఆ ఫలితాల తర్వాత విద్యార్థుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలను మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులుండి ఒక్కదాంట్లో సున్నా ఉంటే ఫలితం ఆపి మనిషికి చూపించు అనే నియమం రాయడానికి కోడ్ నాలుగు లైన్లు చాలు. ఆ నియమం ఉండాలని అనిపించడానికి మాత్రం పరీక్ష రాసిన పిల్లల వైపు నుంచి ఆలోచించే మనిషి కావాలి.

అలాగని చేతిపనిని చులకన చేస్తే కుదరదు. జావా గానీ పైథాన్ గానీ ఒక భాష గట్టిగా రావాలి. ఎస్‌క్యూఎల్ రాయడం, ఏపీఐని తెరతో పనిలేకుండా నేరుగా పరీక్షించడం, గిట్, జెన్కిన్స్ రోజూ వాడడం ఇప్పుడు కనీసార్హత. పనిమంతుడెవరో రోజువారీ చిన్న విషయాల్లోనే తెలిసిపోతుంది. పేజీ ఆలస్యంగా తెరుచుకుంటోందని థ్రెడ్ స్లీప్ పెట్టి 5 సెకన్లు ఆపుతారు కొందరు. టెస్టుకు మూడుచోట్ల చొప్పున 400 టెస్టుల్లో ఆపితే వంద నిమిషాలు ఊరికే పోయినట్టే. బటన్ కనపడగానే ముందుకెళ్లు అని రాస్తే ఆ బాధ లేదు. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే ఫ్లేకీ టెస్టులది ఇంకో తంటా. రిలీజ్ రాత్రి ఎర్ర గుర్తు వస్తే ‘మళ్లీ రన్ కొట్టు’ అనేస్తారు, పచ్చబడగానే సైన్ ఆఫ్ ఇచ్చేస్తారు. ఆ ఎర్ర గుర్తు వెనక రెండుసార్లు డబ్బు కట్ అయ్యే బగ్ ఉండొచ్చు. మొదటిసారి ఎందుకు ఫెయిలైందో తేల్చేదాకా వదలని టెస్టర్‌కు టీమ్‌లో శత్రువులు కొందరుంటారు. అప్రైజల్ నాటికి వాళ్లే అతని పేరు చెబుతారు.

ఇదే నగరంలో మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమ్మే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. రెజ్యూమే వాళ్లే రాస్తారు, ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టిస్తారు. లొకేటర్లు ఎన్ని రకాలు, ఫైండ్ ఎలిమెంట్‌కూ ఫైండ్ ఎలిమెంట్స్‌కూ తేడా ఏమిటి లాంటివి బట్టీకి లొంగుతాయి. ‘69 ఎలా వచ్చింది, ఎవర్ని అడుగుతావు?’ అనే ప్రశ్న లొంగదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది ఆ ఒక్క ఉద్యోగమే అనుకుంటే పొరపాటు, పేరు కూడా పోతుంది.

ఇప్పుడు ఏఐకి ఒక వాక్యం చెబితే స్క్రిప్టు రాసిస్తోంది. దాంతో టెస్టర్ల పని ఖతమ్ అన్న మాట హాస్టల్ గదుల దాకా వచ్చింది. పది శాతం తగ్గింపును పరీక్షించమంటే అది కూడా 0.9తో గుణించే టెస్టే చకచకా రాసి ఇవ్వవచ్చు. బటన్ నొక్కించడమే పనిగా పెట్టుకున్నవాళ్లకు గడ్డుకాలమే. పట్టిక ఎక్కడుందని అడిగేవాళ్లకు మాత్రం పరీక్షించాల్సిన కోడ్ ఇంకా పెరిగింది.

అందుకే కొత్త బ్యాచ్‌లో చేరబోయే వాళ్లకు ఒక మాట. ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం ఇంటి కరెంటు బిల్లు ముందేసుకోండి. గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, దాటితే మొత్తానికీ కట్టాలి. కాగితం మీద 199, 200, 201 అని రాసి, ఒక్కోదానికి ఎంత బిల్లు రావాలో పక్కన రాయండి. రీడింగ్ 30 రోజులకు కాకుండా 34 రోజులకు తీస్తే ఏమవ్వాలో కూడా రాయండి. ఆ జవాబు ఏ ఉత్తర్వులో, ఏ టారిఫ్ పట్టికలో ఉందో మూడో గడిలో రాయండి. ఈ పనిలో విసుగు పుడితే టెస్టింగ్ మీకు సరిపడదు, డబ్బు దాచుకోండి. మూడో గడి నింపేదాకా నిద్ర పట్టకపోతే వెళ్లి చేరండి, ఏ టూల్ నేర్పినా ఫర్వాలేదు.