అమెరికా జీవనమున దేశభక్తి: అర్థపరిణామము

ఒక జాతి దేశభక్తిని ఎట్లు భావించినదో తెలిసికొనుటకు ఆ జాతి తన బాలబాలికలచే పలికించు ప్రతిజ్ఞను పరిశీలించుట యుక్తము. అమెరికాలోని అనేక పాఠశాలలలో వల్లింపబడు పతాకప్రతిజ్ఞ అట్టి రచన. 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ దీనిని రచింపగా 'యూత్స్ కంపానియన్' పత్రిక ప్రకటించినది. నేటికిని ఆంగ్లమున 31 పదములకు మించని ఈ చిన్నవాక్యమున ఆ దేశచరిత్ర ఇమిడియున్నది.

మొదటి పాఠమున బాలుడు పతాకమును తనదని మాత్రమే చెప్పుకొనెడివాడు. 1923లో ఆ స్థానమున దేశనామము చేరినది. వలసవచ్చిన కుటుంబముల శిశువు మనస్సులో పూర్వదేశపు జెండాను తలచునేమో యను శంక దీనికి కారణము. చేయి చాచి చేయు వందనము నాజీల వందనమును పోలియున్నదని 1942లో దానిని విడిచి, హృదయముపై చేయి నుంచు పద్ధతిని విధించిరి. కమ్యూనిస్టు రాజ్యములతో వైరము ముదిరిన 1954లో దైవప్రస్తావన చేర్చిరి. ప్రతి మార్పు వెనుకను ఒక పరాయివాని నీడ గలదు. ప్రేమను ప్రకటింపవలసిన వాక్యము భయమునుగూడ ప్రకటించుచున్నది.

ఆ భయము భాషను సైతము విడువలేదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో నెబ్రాస్కా రాష్ట్రము, ఎనిమిదవ తరగతి ముగియని పిల్లలకు ఆంగ్లేతరమగు ఆధునికభాషను నేర్పుట నేరమని శాసించినది. రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయుడు పదేండ్ల బాలునకు జర్మన్ భాషలో చదువుట నేర్పినందున 25 డాలర్ల జరిమానాకు గురియయ్యెను. 1923లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, ఉపాధ్యాయుని బోధనాస్వాతంత్ర్యమును, బిడ్డల విద్యపై తల్లిదండ్రుల హక్కును రాజ్యాంగము రక్షించునని తీర్పు చెప్పినది.

ప్రతిజ్ఞ విషయమున న్యాయము ఆలస్యముగా లభించినది. జెహోవా సాక్షుల శాఖకు చెందిన బాలలు మతనిష్ఠచే పతాకవందనము నిరాకరింపగా, 1940లో ఆ కోర్టే పాఠశాలాధికారుల పక్షము వహించినది. 1943 జూన్ 14న, వెస్ట్ వర్జీనియా వ్యాజ్యమున, తన తీర్పును తానే త్రోసిపుచ్చి, ప్రభుత్వము పౌరునిచే విశ్వాసమును బలవంతముగా పలికింపరాదని తేల్చినది. యుద్ధము ఉద్ధృతముగా సాగుచున్న వేళ, పతాకదినముననే, ఇట్టి తీర్పు వెలువడుట గమనింపదగినది. ఐనను వివాదము ఇంతటితో సమసిపోలేదు. 1954 నాటి చేర్పు ఈ తీర్పునకు తరువాతిదే గదా! దేశభక్తి అర్థము విశాలమైన పిమ్మట మరల సంకుచితము కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. భారతరాజ్యాంగమున 1956లో చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. బరంపురమున గాని హోసూరున గాని తెలుగు వాచకము తెరచిన బాలుడు ఒడియాకును తమిళమునకును విరోధి కాడు; దేశమునకు అంతకన్నను కాడు. ఇంటిభాషను ప్రేమించుట నేర్చినవాడు ఇరుగుపొరుగుల భాషను గౌరవింపగలడు. అట్టి బాలుని శంకింపక అక్కున జేర్చుకొను దేశము భక్తిని అడిగి పుచ్చుకొనవలసిన పనిలేదు.